ముక్కు టీకాలో అసలు పరీక్ష అడ్జువెంట్‌కే

2025 ఫిబ్రవరిలో తణుకు దగ్గర వేల్పూరు, పెరవలి మండలం కానూరు అగ్రహారం ఫారాల్లో కోళ్లు చచ్చిపోతున్నది హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూతోనే అని భోపాల్ ల్యాబ్ తేల్చింది. డెల్టాలో కొన్నాళ్లు చికెన్ మానేశారు, తర్వాత మర్చిపోయారు. కోళ్లు, బాతులు, మనుషులు ఇంత దగ్గరగా బతికే చోట ఫ్లూ టీకా ఊసు మాత్రం ఎవరూ ఎత్తలేదు.

భుజానికి వేసే ఇంజెక్షన్ రక్తంలో యాంటీబాడీలను బాగానే పెంచుతుంది. కానీ వైరస్ ముందు దిగేది ముక్కులో. అక్కడ కాపలా కాసే ఐజీఏ యాంటీబాడీలు ఇంజెక్షన్‌తో పెద్దగా రావు, ముక్కులో కొట్టే స్ప్రే టీకాతో వస్తాయి. అయితే అమెరికాలో 2003లో అనుమతి పొందిన ఫ్లూమిస్ట్, 2010లో స్వైన్ ఫ్లూకి పుణె సీరం ఇన్‌స్టిట్యూట్ తెచ్చిన నాసోవ్యాక్ రెండూ బలహీనపరిచిన సజీవ వైరస్ టీకాలే. ఫ్లూమిస్ట్‌ను 49 ఏళ్లు దాటినవాళ్లకు, గర్భిణులకు ఇవ్వరు. ఫ్లూ గట్టిగా దెబ్బతీసేవాళ్లలో వీళ్లూ ఉన్నారు. వీళ్లకు చంపిన వైరస్‌నో, దాని ప్రొటీన్‌నో ఇవ్వాలి. ముక్కు వాటిని ఖాతరు చేయదు. రోజంతా దుమ్ము పీల్చే అవయవం ప్రతిదానికీ ఉలిక్కిపడితే మనం బతకలేం కదా! అందుకే రోగనిరోధక వ్యవస్థను తట్టిలేపే అడ్జువెంట్ అనే పదార్థాన్ని టీకాలో కలపాలి.

ఇక్కడే స్విట్జర్లాండ్‌కు ఎదురుదెబ్బ తగిలింది. 2000-01 సీజన్‌లో అక్కడ వాడిన నేజల్‌ఫ్లూ టీకాలో ఈ.కోలై బ్యాక్టీరియా విషాన్ని అడ్జువెంట్‌గా కలిపారు. ప్రతి 10 వేల మందిలో అదనంగా 13 మందికి ముఖ నరం చచ్చుబడి మూతి వంకరపోయింది. టీకాను ఆపేశారు. వెయ్యి మందితో చేసే ట్రయల్‌లో ఇంత అరుదైన ముప్పు కంటికి ఆనదు. పైగా చాలామందిలో అది బయటపడింది నెల దాటాకే. ఆ విషాన్ని జన్యుమార్పుతో నిర్వీర్యం చేసి వేరే టీకాల్లో వాడిచూసినా ఇద్దరు వాలంటీర్లకు అదే వచ్చిందని 2009లో ప్రచురించారు. నా లెక్కలో ఆ దారి మూసుకున్నట్టే.

నాకు కైటోసాన్ అనే మరో అడ్జువెంట్ మీద ఎక్కువ ఆశ. భీమవరం చుట్టుపక్కల ప్లాంట్లలో రొయ్యలు ఒలిచాక మిగిలే తలలు, తొక్కల నుంచే దాన్ని తీయొచ్చు. అది ముక్కు పొరకు అంటుకుని టీకాను కాసేపు నిలబెడుతుంది, కణాల మధ్య సందులను కాస్త వదులు చేస్తుంది. ఫ్లూ, డిఫ్తీరియా ముక్కు టీకాల్లో చిన్న ట్రయల్స్‌లో మనుషుల మీద వాడారు కూడా. ఈ.కోలై విషమంత గట్టిగా తట్టిలేపకపోవచ్చు. ఆ మాత్రం తగ్గుదల నాకు సమ్మతమే. (రొయ్యలు పడనివాళ్లకు భయం ఉండటం సహజం. అలర్జీ ప్రధానంగా మాంసంలోని ప్రొటీన్ వల్ల వస్తుంది కాబట్టి శుద్ధి ఎంత బాగా చేశారన్నదే కీలకం.)

కైటోసానే అయినా గుడ్డిగా నమ్మక్కర్లేదు. మన ఊళ్లలో మూతి వంకరపోతే చలిగాలి కొట్టిందంటారు, పసరు వైద్యుడి దగ్గరికి వెళ్తారు. రెండు నెలల కింద వేసుకున్న స్ప్రే ఎవరికి గుర్తొస్తుంది? కాబట్టి ఏ కంపెనీ ఇలాంటి టీకా తెచ్చినా, మొదటి డోసు కంటే ముందే ఆశా కార్యకర్తలకు, ఏఎన్ఎంలకు ఈ లక్షణం చెప్పి, కనీసం 3 నెలలు పీహెచ్‌సీల్లో విడిగా నమోదు చేయించాలి. అనుమతి ఇచ్చేటప్పుడే ఆ షరతు రాసి ఉండాలి.