సి డ్రైవుకు సున్నం, డి డ్రైవుకు దండం

బెంగళూరులో స్థిరపడిన తెలుగువాడు బ్యాంకుల సర్వర్లను కంటికి రెప్పలా కాపాడుతూ ఉండవచ్చు గాని, బంధువుల ల్యాప్‌టాప్‌కు ఫార్మాట్ కొట్టి, అంటే పాతది తుడిచి విండోస్ మళ్ళీ వేసి, ఇవ్వలేనంటే మాత్రం ‘ఏం చదివాడో, ఏం ఉద్యోగమో’ అన్న మాట పడక తప్పదు. ఇంతటి సామాజిక ప్రాముఖ్యం గల విద్యకు ఏ విశ్వవిద్యాలయమూ పట్టా ఇవ్వకపోవడం విచారకరమని భావిస్తూ, మొన్న ఆదివారం మారతహళ్ళిలో మా బావగారి ఇంట జరిగిన క్రతువును సవినయంగా నమోదు చేస్తున్నాను.

బావగారి ఫిర్యాదు ఒక్కటే: మీట నొక్కాక ఫిల్టరులో డికాక్షన్ దిగి, కాఫీ తాగి, గ్లాసు కడిగి వచ్చినా తెర మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉంటాయి. 2019లో కొన్న ఆ యంత్రంలో ఉన్నది పాతకాలపు హార్డ్ డిస్కు; దాని స్థానంలో అంతకన్నా వేగంగా పనిచేసే కొత్త తరహా డిస్కు, ఎస్‌ఎస్‌డీ, వేయించి, ఆన్ చేయగానే లేచి కూర్చునే ప్రోగ్రాములను సగం ఆపితే జబ్బు చాలావరకు నయమయ్యేదని నాకు తెలుసు. అయినా చెప్పలేదు. సూది వేయకుండా మజ్జిగన్నం తినమని పంపే వైద్యుణ్ణి మనలో ఎవరు నమ్మారు గనుక? పైగా ఎస్‌ఎస్‌డీకి డబ్బవుతుంది. ఫార్మాట్‌కైతే బావమరిదికి ఒక పూట భోజనం పెడితే చాలు.

విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది కాబట్టి 11 వేయాలని నిశ్చయించాము. ముందుగా జాతకాలు చూశాము: టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు, 4 జీబీ ర్యామ్, 64 జీబీ జాగా, అన్నీ కుదిరాయి. కంప్యూటరు సామాను దొరికే ఎస్.పి. రోడ్డులో కొన్న 8 జీబీ పెన్‌డ్రైవ్ గుచ్చి, యంత్రాన్ని దాని నుంచి లేపడానికి ఎఫ్2 నొక్కాలో ఎఫ్12 నొక్కాలో తేల్చుకునేలోపు పాత విండోసే మూడుసార్లు తెరుచుకుంది. ఆయువు తీరే రోజున అది అంత చురుకుగా లేవడం చూసి బావగారు కొంత మెత్తబడ్డారు గాని, వెంటనే తేరుకుని, “అంతా తుడిచెయ్యవోయ్, డి డ్రైవు మాత్రం ముట్టుకోకు” అని ఆజ్ఞాపించారు. అంటే విండోస్ కాపురముండే సి డ్రైవుకే సున్నం, ఫైళ్ళు దాచుకున్న డి డ్రైవుకు దండం.

తుడవడమన్న మాటను కూడా మనం కొంత ఉదారంగానే వాడుతున్నాము. ఇన్‌స్టాలర్ చేసే క్విక్ ఫార్మాట్, ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టికను మాత్రమే కొత్తగా రాస్తుంది. అంటే హార్డ్ డిస్కులో అద్దెకున్నవాడి పేరు పలకను గేటు నుంచి పీకేస్తారు గాని, మరొకరు వచ్చి ఆ గదిలో దిగేదాకా అతడు లోపలే పడుకుని ఉంటాడు. విండోస్ విస్టా కాలం నుంచి ఫుల్ ఫార్మాట్ మాత్రం డ్రైవు పొడవునా సున్నాలు రాస్తూ పోతుంది. దానికి గంటలు పడుతుందనగానే బావగారు గడియారం వైపు, అక్క వంటగది వైపు చూశారు. మన ఇంటి యజమానులు డిపాజిట్టులో నెల అద్దె కోసుకుని గోడలకు వేయించే పెయింటు కూడా ఈ క్విక్ తరగతికే చెందుతుందని, సందర్భం కాకపోయినా, మనవి చేసుకుంటున్నాను.

ఇక ముట్టుకోరాని ఆ డి డ్రైవులో ‘బ్యాకప్’ ఉంది, అందులో ‘పాత బ్యాకప్’, దానిలో ‘డెస్క్‌టాప్ మొత్తం’, దాని గర్భంలో మళ్ళీ ‘బ్యాకప్’. ప్రతి ఫార్మాట్‌కూ ముందు ఆయన గత జన్మను మూటగట్టి ఇందులో దాచారు. ఒకే గృహప్రవేశం నాలుగు చోట్ల జరుగుతోంది. ఇల్లు మారిన ప్రతిసారీ విప్పకుండానే లారీ ఎక్కించే అట్టపెట్టెలను చూసినవారికి ఇందులో వింతేమీ కనిపించదు.

సాయంత్రానికి విండోస్ 11 నిగనిగలాడుతూ లేచింది. బావగారు నేరుగా డి లోకి వెళ్ళి, అమ్మాయి పెళ్ళి శుభలేఖ ఫైలు తెరిచారు. యూనికోడ్ కాని పాత డీటీపీ ఫాంటులో టైపు చేయించిన శుభలేఖ అది; ఆ ఫాంటు యంత్రంలో ఉంటేనే దానిలోని తెలుగు తెలుగుగా కనిపిస్తుంది. ఆ ఫాంటు కాపురమున్నది సి డ్రైవులో. దానికి సున్నం వేసింది నేనే కనుక, ‘శ్రీరస్తు శుభమస్తు’ ఉండవలసిన చోట ఇంగ్లీషు అక్షరాలూ ఆశ్చర్యార్థకాలూ బారులు తీరాయి.

బావగారు కళ్ళజోడు తుడుచుకుని మరోసారి చూసి, “సరిగ్గా పడలేదనుకుంటానోయ్,” అన్నారు. “ఇంకోసారి ఫార్మాట్ కొట్టి చూడు.”