దారం తెగేది దుకాణంలో కాదు

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు తెలుగు ఇళ్లలో చేతి నగల పని మొదలుపెట్టిన ఆడవాళ్లకు అందరూ ఇచ్చే సలహా ఒకటే: కొత్త డిజైన్లు పెట్టండి. ఆ సలహాతోనే చాలామంది దెబ్బతింటున్నారు. హోల్‌సేల్ ప్యాకెట్లలో దొరికే పూసలతో ఎంత కొత్తగా కూర్చినా, అలాంటిదే మిషన్ సరుకు సగం ధరకు దిగుతుంది. ఇక్కడివాళ్లను నిలబెట్టేది చేతికందే దూరంలో ఉన్న ఒడిశా పనితనం, దాన్ని తెగకుండా కూర్చే ఓపిక.

డోక్రా అనే ఇత్తడి పోత పూసనే తీసుకోండి. మట్టి ఉండ చుట్టూ మైనపు తీగ చుట్టి, పైన మళ్లీ మట్టి మెత్తి, కాల్చి మైనం కరిగించి, ఆ ఖాళీలో ఇత్తడి పోస్తారు. అచ్చు పగలగొడితేనే పూస బయటికొస్తుంది కాబట్టి ఏ రెండూ ఒకేలా ఉండవు. హారానికి అదే అందం, జుంకాలకు అదే చిక్కు. ఒకటి 9 గ్రాములు, రెండోది 11 అయితే పెట్టుకున్న చెవికి తెలిసిపోతుంది. అందుకే జతకు రెండే కొనకూడదు. ఒకేసారి 20, 30 తెచ్చి, గ్రాములో పదో వంతు చూపే చిన్న కాటా మీద తూచి జత కట్టాలి. జత కుదరనివి లాకెట్లకు పనికొస్తాయి.

అసలు గండం రంధ్రంలో ఉంది. పోత పూస అంచు గరుకుగా, అక్కడక్కడా కత్తిలా ఉంటుంది. పట్టుదారం ఎక్కించిన రోజు ఏమీ కాదు. మెడ కదిలినప్పుడల్లా పూస జరుగుతూ దారాన్ని పోగు పోగుగా కోస్తుంది. చివరికి ఏ పెళ్లి పందిట్లోనో పూసలన్నీ జలజలా రాలతాయి. సన్నని గుండ్రటి ఆకురాయితో రంధ్రం రెండు వైపులా రుద్ది, ఒక దూది పోగు లాగి చూడాలి. పోగు చిక్కుకుంటే మళ్లీ రుద్దాలి. పూసకు రెండు నిమిషాలు అనుకున్నా 12 పూసల హారానికి దాదాపు అరగంట. బరువు పూసలైతే పట్టుదారం కన్నా నైలాన్ పూత ఉన్న స్టీలు తీగ మేలు.

లాకెట్ తగిలించే చిన్న రింగులు తెరవడంలోనూ ఇలాంటి తప్పే జరుగుతుంది. రెండు చివరలనూ ఎడంగా లాగితే గుండ్రం పోయి, మూసినా సందు మిగులుతుంది, అందులోంచి లాకెట్ జారిపోతుంది. రెండు పటుకార్లతో పట్టుకుని ఒక చివర ముందుకు, ఇంకోటి వెనక్కి తిప్పి తెరవాలి, అలాగే మూయాలి.

పర్లాకిమిడి కొమ్ము పని లాకెట్లకు చక్కగా నప్పుతుంది. వేడికి కొమ్ము వంకరపోతుంది, ఆ సంగతి పెట్టె మీదే రాయాలి. అది పశువు కొమ్మని కూడా రాయాలి. జింక కొమ్ము అమ్మితే 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం.

ఇక ధర. పూసలు 180, దారం, కొక్కెం 25, పెట్టె 20 అనుకుంటే సరుకు 225 రూపాయలు. చాలామంది దాన్ని రెట్టింపు చేసి 450 అంటారు. దుకాణం 30 శాతం ఉంచుకుంటే చేతికొచ్చేది 315, అంటే రెండు గంటల పనికి 90. ఆకురాయి పట్టిన అరగంట కూడా అందులోనే! గంటకు 75 చొప్పున కూలీ కట్టుకుంటే ఖర్చే 375. 600కు అమ్మితే 420 వస్తుంది, 45 మిగులుతుంది. 600 అడగడానికి నోరు రాక అరగంట పని ఎగ్గొడతారు. తెగిన హారం తిరిగొచ్చేది ఆ దారినే.

సరిహద్దుది ఇంకో తలనొప్పి. 2023 అక్టోబరు 1 నుంచి టర్నోవర్ పరిమితి లోపు ఉన్న చిన్న అమ్మకందారు జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేకుండా, ఎన్‌రోల్‌మెంట్ నంబరుతోనే ఆన్‌లైన్ సైట్లలో అమ్ముకోవచ్చు. కానీ సొంత రాష్ట్రంలోనే. ఆ సైట్ల ద్వారా పర్లాకిమిడి జుంకా ఒడిశాలోనే ఎక్కడో ఉన్న బాలేశ్వర్‌కు వెళ్లొచ్చు, ఆటోలో పోయొచ్చే ఆంధ్రలోని పాతపట్నానికి వెళ్లకూడదు. మన నగ నచ్చే తెలుగు కొనుగోలుదారు ఎక్కువగా ఉండేది ఆ గీతకు అవతలే. సరిహద్దు జిల్లాల చేతిపనివాళ్లకైనా ఈ షరతు సడలించాలి.

అప్పటిదాకా రిజిస్ట్రేషన్ తీసుకోవాలా వద్దా అన్నది ఊహతో తేల్చకండి. తీసుకుంటే ఇమిటేషన్ నగల మీద 3 శాతం పన్నుతో పాటు, అమ్మకం లేని నెలల్లోనూ రిటర్నుల పని ఉంటుంది. గత మూడు నెలల్లో అడిగినవాళ్ల పిన్‌కోడ్లు ఒక కాగితం మీద రాసుకోండి. శ్రీకాకుళం వైపు 532తో మొదలయ్యేవి ఎన్ని, ఇటు ఒడిశాలో 760, 761, 765తో మొదలయ్యేవి ఎన్ని అని లెక్కపెట్టి, ఆ తర్వాతే దరఖాస్తు ముట్టుకోండి.