టోకెన్లు పంచిన అమ్మాయికి కుర్చీ వేయండి

డిసెంబర్‌లో అమెరికాలోని మన తెలుగు సంఘం గుంటూరులో పెట్టిన ఉచిత వైద్య శిబిరం ఫొటోలు పోయిన సంచికలో చూసే ఉంటారు. అందులో రాని సంగతి ఒకటుంది. చివర్లో శాలువాలు కప్పేటప్పుడు ప్రీ-మెడ్ (డాక్టరీకి ముందు చదివే డిగ్రీ) పిల్లల్ని ‘కాబోయే డాక్టర్లు’ అంటూ పిలిచిన యాంకర్, స్పీచ్ థెరపీ వైపు వెళ్దామని బ్యాచిలర్స్ చేస్తున్న అమ్మాయి వంతు రాగానే ‘మాటలు నేర్పడానికి డిగ్రీ ఎందుకమ్మా, మా ఆవిడైతే ఫ్రీగా నేర్పుతుంది’ అన్నాడు. హాలు హాలంతా నవ్వింది. ఆ పిల్లా నవ్వింది, పాపం. నాకు మాత్రం చిర్రెత్తుకొచ్చింది.

పొద్దుట్నుంచీ ఆమె చేత టోకెన్లు పంచించారు. నాలుగేళ్లొచ్చినా మాటలు రాని కొడుకుని చంకనేసుకుని తెనాలి నుంచి ఒకావిడ వచ్చింది. మన పెద్దాయనొకరు ‘వాళ్ల నాన్నకీ లేటేనటగా, వస పొయ్యండమ్మా, అవే వస్తాయి’ అని పంపించేయబోయారు. ఆ అమ్మాయే ఆపి, ‘నేనింకా చదువుకుంటున్నానండీ, ఫలానా సమస్య అని చెప్పకూడదు. ముందు బాబుకి వినికిడి పరీక్ష చేయించండి’ అని, పెద్దాసుపత్రిలో ఈఎన్‌టీకి వెళ్లమని చీటీ రాసిచ్చింది. ఆ రోజు శిబిరంలో నేను విన్న మంచి సలహా అదే.

వసని వెక్కిరించను. మా అమ్మమ్మ వసకొమ్ము సాన మీద అరగదీసి, తల్లిపాలలో రంగరించి పసిగుడ్డు నాలిక్కి రాస్తుంటే ఇంటిల్లిపాదికీ అదో ధైర్యం. వినపడని పిల్లాడికి మాత్రం అది చాలదు.

అరండల్‌పేటలో మా బాబాయికి పక్షవాతం వస్తే, కాలూ చెయ్యీ కోసం ఫిజియోథెరపీ పెట్టించారు, తైలాలు మర్దనా చేయించారు. పోయిన మాట కోసం ఎవర్నైనా పిలవచ్చని ఎవరూ చెప్పలేదు. శనివారం భజనలో ఆయన పదాలతో సహా పాడేవారు. పాట అయ్యాక దాహమేస్తే నోట మాట రాక మరచెంబు వంక చూపించేవారు. ‘పాటొస్తుంది, మాట రాదా? అంతా నటన’ అనేవాళ్లు చుట్టాలు. మెదడు దెబ్బతిని మాట పోవడాన్ని అఫేసియా అంటారు; అందులో జరిగేది అదే. మాటని కూర్చే చోట మెదడు దెబ్బతిన్నా పాట, అంకెల వరస లాంటివి మిగలొచ్చు; మాట పోయినంత మాత్రాన తెలివి పోయినట్టు కాదు. తింటుంటే పొరబోవడం కూడా ఈ థెరపిస్టులు చూసేదే.

తల్లిదండ్రుల బెంగ తీసిపారేసేది కాదు. సాఫ్ట్‌వేర్‌లా నాలుగేళ్లకి జీతం చేతికి రాదు. అమెరికాలో మాస్టర్స్ తప్పనిసరి, సీట్లకి పోటీ, ఫీజుల టెన్షన్. అక్కడి స్పీచ్, వినికిడి నిపుణుల సంఘం ‘ఆషా’ ఇచ్చే సర్టిఫికెట్‌కి 400 గంటల క్లినికల్ అనుభవం, ప్రాక్సిస్ అనే అర్హత పరీక్ష, ఆపైన సీనియర్ల పర్యవేక్షణలో కనీసం 36 వారాల ఫెలోషిప్. బ్యాచిలర్స్‌లోనే ఫొనెటిక్స్, గొంతు-చెవుల అనాటమీ, పిల్లలకి భాష వచ్చే క్రమం, స్టాటిస్టిక్స్ చదువుకుంటే మేలు. మన దేశంలోనూ బీఏఎస్‌ఎల్‌పీ (వినికిడి, మాట సమస్యల డిగ్రీ) అంటే ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్లు. మైసూరులో 1960ల నుంచే దీనికో జాతీయ సంస్థ ఉంది. యాంకర్ గారి ఆవిడ ఇవన్నీ ఎప్పుడు పూర్తి చేశారో!

కార్యవర్గానికి ఒక్కటే మనవి. వచ్చే డిసెంబర్ శిబిరంలో కంటి టేబుల్ పక్కన మాట-వినికిడి టేబుల్ ఒకటి పెట్టండి. రిజిస్ట్రేషన్ ఉన్న స్థానిక ఆడియాలజిస్టునీ (వినికిడి నిపుణులు), స్పీచ్ థెరపిస్టునీ పారితోషికమిచ్చి పిలవండి. ఈ కోర్సు చదివే మన పిల్లల్ని వాళ్ల పక్కన కూర్చుని చూడనివ్వండి. ‘ళ’, ‘ణ’ దగ్గర తడబడే గుంటూరు పిల్లలు వాళ్లకి అమెరికా క్లాసులో దొరకరు. వినికిడి పరీక్షకి చప్పుడు లేని గది కావాలి, కాబట్టి స్టేజీకీ మైకుకీ దూరంగా ఉన్న గది ఇప్పుడే మాట్లాడి పెట్టండి.