షార్ప్‌విల్ పిలుపు ఎవరిది?

మార్చి 21 వస్తే చాలు, వాట్సాప్ గ్రూపుల్లో ఒక పోస్టు చక్కర్లు కొడుతుంది. 1960లో మండేలా పార్టీ ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్, అంటే ఏఎన్‌సీ, పిలుపు మీద దక్షిణాఫ్రికాలోని షార్ప్‌విల్ జనం రోడ్డెక్కారట, పోలీసు కాల్పులకు 69 మంది బలయ్యారట. పాన్ ఆఫ్రికనిస్ట్ కాంగ్రెస్, అంటే పీఏసీ, తెల్లవాళ్లంటే పడని హింసావాదుల ముఠా అట. 1994 ఎన్నికలతో దాని కథ ముగిసిందట.

చావుల లెక్క ఒక్కటే ప్రభుత్వం చెప్పినదానితో సరిపోయింది. పిలుపు మాత్రం ఏఎన్‌సీది కాదు. నల్లవాళ్ల రాకపోకలను కట్టడి చేసే పాస్ చట్టాల మీద ఉద్యమానికి ఆ పార్టీ పెట్టుకున్న తేదీ మార్చి 31. అంతకు పది రోజుల ముందే దిగింది పీఏసీ. 1959 ఏప్రిల్‌లో పుట్టిన ఆ పార్టీకి అప్పటికి ఏడాది కూడా నిండలేదు. కలిసి రమ్మని అడిగితే ఏఎన్‌సీ కాదంది.

కార్యక్రమం చాలా సింపుల్. నల్లవాళ్లు ఎక్కడికెళ్లినా వెంట ఉంచుకోవాల్సిన పాస్‌బుక్‌ని ఇంట్లో పడేసి, నేరుగా పోలీస్ స్టేషన్‌కి వెళ్లి "అరెస్టు చేసుకోండి" అనడం. బెయిల్ అడగకూడదు, లాయర్‌ని పెట్టుకోకూడదు, జరిమానా కట్టకూడదు. పార్టీ నాయకుడు రాబర్ట్ సొబుక్వే జొహానెస్‌బర్గ్‌లోని విట్స్ యూనివర్సిటీలో జులూ భాష చెప్పేవారు. ఆ ఉద్యోగం వదిలేసి, పొద్దున్నే ఓర్లాండో స్టేషన్‌కి నడిచి వెళ్లి తానే అరెస్టయ్యారు. నిరసన శాంతియుతంగా ఉంటుందని పోలీసు కమిషనర్‌కి ముందే ఉత్తరం కూడా రాశారు. షార్ప్‌విల్‌లో కాల్పులు జరిగింది ఆ మధ్యాహ్నమే. చాలామందికి తూటాలు వీపులోంచి దిగాయి. ఏఎన్‌సీ అధ్యక్షుడు లూథులీ, మండేలా తమ పాస్‌లు తగలబెట్టింది ఆ తర్వాతి వారంలో.

ఇక ద్వేషం సంగతి. ఆఫ్రికాకే కట్టుబడి, ఆఫ్రికన్ మెజారిటీ పాలనను ఒప్పుకునే ఎవరైనా ఆఫ్రికనే అని సొబుక్వే పార్టీ ప్రారంభ సభలోనే చెప్పారు. 1963లో పాట్రిక్ డంకన్ అనే తెల్లాయన్ని పార్టీలో చేర్చుకున్నారు కూడా. అయితే పోస్టులో ఈ ముక్క పూర్తిగా అబద్ధమని అనలేను. 1993 జులైలో కేప్‌టౌన్ సెయింట్ జేమ్స్ చర్చిలో ప్రార్థనకు వచ్చినవాళ్లను చంపింది పీఏసీ సాయుధ విభాగమే. దాన్ని ఎవరూ సమర్థించనక్కర్లేదు. కానీ 1993ని తీసుకెళ్లి 1960కి అంటగడితే ఎలా?

సొబుక్వేకి భయపడి ప్రభుత్వం ఏం చేసిందో చూడండి. మూడేళ్ల శిక్ష ముగుస్తుంటే, విచారణ లేకుండా ఇంకా నిర్బంధించడానికి 1963లో చట్టంలో ఒక క్లాజు పెట్టింది. ఆయన పేరుతోనే దాన్ని 'సొబుక్వే క్లాజు' అన్నారు. జైలున్న రాబెన్ ద్వీపంలో 1969 దాకా విడిగా ఒక ఇంట్లో ఒంటరిగా ఉంచారు. మిగతా ఖైదీలతో మాట కూడా నిషేధం. వాళ్లు అటుగా వెళ్తుంటే ఆయన గుప్పెడు మట్టి తీసి వేళ్ల సందుల్లోంచి జారవిడిచేవారు. పలకరింపు అంతే.

చివరి మాట, కథ ముగిసిందన్నది. 1994లో 1.25 శాతం ఓట్లు, 400లో 5 సీట్లు వచ్చాయి, నిజమే. ప్రవాసంలో నాయకుల కుమ్ములాటలు, ఎన్నికల గోదాలోకి ఆలస్యంగా దిగడం దెబ్బతీశాయి. 2003లో పార్టీ ఎంపీ పట్రీషియా డి లిల్ బయటికెళ్లి సొంత పార్టీ పెట్టుకున్నారు. అయినా పీఏసీ 2024లో ఒక్క సీటుతో పార్లమెంటులో ఉంది. సంకీర్ణంలో చేరితే ఆ ఒక్క సభ్యుడికీ మంత్రి పదవి దక్కింది. శాఖ భూసంస్కరణలు. భూమి తిరిగి ఇప్పించాలన్నదే పీఏసీ పుట్టినప్పటి నుంచీ డిమాండు.