పన్నెండు డెసిబెల్స్ మృదంగం

బెంగళూరు మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్లంతా కలిసి ఉగాది చేసుకుంటాం. ఈసారి మా వదిన పాట. అంతమంది ముందు పాడాలంటే ఆవిడకి టెన్షన్, అందుకని ముందే రికార్డు చేసేసి స్టేజీ మీద పెదాలు కదిపితే సరిపోతుందని అన్నయ్య ప్లానేశాడు. మిక్సింగ్ నా నెత్తిన పడింది, ఎందుకంటే ఇంట్లో హెడ్‌ఫోన్స్ మెడలో వేసుకు తిరిగేది నేనొక్కణ్ణే. అవి ఆ వారమే పాడైపోయాయి, అది వేరే సంగతి.

ఫ్యాన్ ఆపి, తలుపులు మూసి, చెమటలు కక్కుతూ బెడ్‌రూమ్‌లో రికార్డు చేశాం. విని వదిన, "ఇదేంటయ్యా, బిందెలో తలపెట్టి పాడినట్టుంది" అంది. నిజమే. చిన్న గదిలో మైకుకి ఆనుకుని పాడితే 200 నుంచి 400 హెర్ట్జ్ మధ్య, అంటే కాస్త కింది స్థాయిలో, శబ్దం గుయ్యిమంటూ పేరుకుపోతుంది. ఈక్యూలో, అంటే ఏ స్థాయి శబ్దం ఎంత వినపడాలో సర్దే చోట, 300 దగ్గర నాలుగు డెసిబెల్స్ తగ్గించి, 100 కిందిదంతా కోసేశాను. గొంతు తేటపడింది. వదిన మొహం వెలిగింది. అక్కడితో ఆపి పడుకోవాల్సింది.

ట్రాక్‌లో మృదంగం ఉంది కదా, రవ్వ ముద్ద అంటించిన ఎడమ వైపు, ఆ తొప్పి దెబ్బ ఎంత విన్నా వినపడదే! 60 హెర్ట్జ్ దగ్గర, అంటే బాగా లోతైన శబ్దం ఉండే చోట, మూడు డెసిబెల్స్ పెంచాను, ఆరు పెంచాను, పన్నెండు దాకా లాగితే అప్పటికి కాస్త తెలిసినట్టు అనిపించింది. నేను వింటున్నది లాప్‌టాప్ అడుగున ఉండే రూపాయి బిళ్లంత స్పీకర్లలో, అవి 60 హెర్ట్జ్‌ని చచ్చినా పలకవు. మూడు డెసిబెల్స్ పెంచితే పవర్ రెట్టింపు, అంటే పన్నెండుకి పదహారు రెట్లు. ఈ లెక్క కూడా నాకు తెలుసండీ, అదే బాధ.

ఫంక్షన్ సెల్లార్లో, చుట్టూ కాంక్రీటే. అటూ ఇటూ మనిషెత్తు బాక్సులు. తంబుర, ఆలాపన, వదిన నాజూగ్గా చెయ్యి తిప్పడం, అందరూ తలలూపడం. అప్పుడు పడింది మొదటి దెబ్బ.

ధుమ్మ్!

టేబుల్ మీద పేపర్ కప్పుల్లో ఉగాది పచ్చడి అలలు లేచింది. ఒక కప్పయితే మెల్లగా నడుచుకుంటూ అంచుదాకా వెళ్లి దూకేసింది. పార్కింగులో బైకుల అలారాలు ఒకదాని వెనక ఒకటి అందుకున్నాయి. వదిన ఉలిక్కిపడి రెండు చెవులూ మూసుకుని, నోరు గట్టిగా బిగించేసింది.

పాట మాత్రం వస్తూనే ఉంది.

"ఏన్ సార్ ఇదు?" అని సౌండ్ కుర్రాడు బాస్ నాబ్ ఆ చివరికంటా తిప్పేశాడు కానీ, జరగాల్సింది జరిగిపోయింది.

కిందికి దిగగానే ఎదురింటి ఆంటీ వదిన చెయ్యి పట్టుకుని, "నోరు మూసుకున్నా నీ గొంతు ఎంత తేటగా ఉందమ్మా!" అంది. అది 300 దగ్గర నేను తగ్గించిన నాలుగు డెసిబెల్స్ పుణ్యమని చెప్పబోయి, వదిన మొహం చూసి ఊరుకున్నాను.