పెరట్లో పురుగుని కూడా బతకనివ్వండి

ఏటా మార్చి 20న పిచ్చుకల దినోత్సవం పేరుతో ఊరూరా మట్టి మూకుళ్లు పంచుతారు, చెక్క గూళ్లు తగిలిస్తారు. మంచి పనే. నా బాధల్లా, అసలు ఎండలు ముదిరేసరికి ఆ మూకుళ్లలో చాలావరకు ఎండిపోయి ఉంటాయి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మనమే అంటాం. ఆ ఎండలో గుప్పెడంత పిట్ట ఎలా బతుకుతుందో మాత్రం పట్టించుకోం.

మా పెరట్లో జామచెట్టు కొమ్మకి గింజల పళ్లెం వేలాడదీశాం. ప్రహరీ మీద, చెట్టు నీడ పడే చోట నీళ్ల మూకుడు. పొద్దున్నే పళ్లెం దగ్గర ఒకటే సందడి. పిచ్చుకలు, గువ్వలు, వాటిని తరిమే గోరింకలు, ఆ గోరింకలకి కూడా లొంగని ఉడుతలు. ఎండెక్కాక గింజల జోలికి ఏదీ రాదు, అన్నీ నీళ్ల దగ్గరికే. పిట్టలకి చెమట పట్టదు. నోరు తెరిచి రొప్పుతూ ఒంట్లో వేడి పోగొట్టుకుంటాయి. రొప్పినంతసేపూ ఒంట్లో నీరు ఆవిరైపోతుంది. పళ్లు తినే కోయిలకి, పికిలిపిట్టకి తిండిలోనే కొంత నీరు దొరుకుతుంది. ఎండు గింజలు తినే గువ్వకి ఆ ఆసరా కూడా లేదు. అందుకే, ఏదో ఒక్కటే పెట్టగలిగితే నీళ్లే పెట్టండి.

అదీ శ్రద్ధగా పెట్టండి. ఎండలో పెట్టిన ప్లాస్టిక్ డబ్బాలో నీళ్లు మధ్యాహ్నానికి కాగిపోతాయి. వెడల్పాటి మట్టి మూకుడు, 2 అంగుళాల లోతు, కాలు నిలవడానికి మధ్యలో ఒక రాయి చాలు. పిల్లి పొంచి కూర్చునే పొదల పక్కన వద్దు. రోజూ పీచుతో తోమి నీళ్లు మార్చండి. రెట్టలు పడిన నీళ్ల వల్ల, బూజు పట్టిన నూకల వల్ల ఒక పిట్ట జబ్బు మిగతావాటికి అంటుకుంటుంది. మిగిలిన పులిహోర, మిక్చర్ లాంటివి పుణ్యం అనుకుని అస్సలు వేయకండి, ఆ ఉప్పు వాటికి పడదు. ఇక కూడళ్లలో పావురాలకి బస్తాలకి బస్తాలు జొన్నలు పోయడం నాకు అస్సలు నచ్చదు. వాటి రెట్టల దుమ్ము మన ఊపిరితిత్తులకే చేటు.

ఇంత చేసినా సగమే. మా మీటర్ బాక్స్ వెనక పిచ్చుకలు గూడు పెట్టాయి. ఆడపిచ్చుక గింజల పళ్లెం పక్కనుంచే ఎగిరి వెళ్లి బెండమొక్క మీద వాలుతుంది. ఆకు అడుగు భాగం వెతికి, మెలికలు తిరుగుతున్న పచ్చపురుగుని ముక్కున కరుచుకుని, దాన్ని కొమ్మకేసి రెండుసార్లు బాది గూటికి పట్టుకెళ్తుంది. పసుపు అంచుల నోళ్లు తెరిచి పిల్లలు ఒకటే గోల. కళ్లు తెరవని ఆ పిల్లలకి జొన్నలు, కొర్రలు అరగవు. మొదటి రోజుల్లో వాటికి మెత్తటి పురుగులే తిండి. ఆ పురుగు లేకపోతే మనం ఎన్ని కిలోల గింజలు పోసినా, ఎన్ని చెక్క గూళ్లు తగిలించినా పిల్ల బతకదు.

మరి మనం చేస్తున్నదేంటి? ఆకు మీద చిన్న చిల్లు కనపడితే చాలు, మందు కొడతాం. చెత్త పడుతోందని వేపచెట్టు కొట్టేస్తాం. బురద అవుతోందని గోడ నుంచి గోడ వరకు సిమెంట్ చేసి, పైన టైల్స్ పరిచేస్తాం. మన పెద్దవాళ్లు చూరుకి వరికంకుల కుచ్చులు కట్టేవారని తలుచుకుంటాం కానీ, ఆ ఇంటి చుట్టూ మట్టి ఉండేది, పాదులు ఉండేవి, పేడకుప్ప ఉండేది, వాటి నిండా పురుగులు ఉండేవి.

కాబట్టి మొక్కలకి మందు కొట్టడం ఆపండి. నాలుగు ఆకులు పురుగు తింటే తిననివ్వండి. రాలిన ఆకులు ఒక మూలకి ఊడ్చి అక్కడే వదిలేయండి, గోరింకలు వాటిని కెలుక్కుని తింటాయి. కొత్తగా ఇల్లు కట్టేవాళ్లు పెరట్లో కనీసం ఒక పక్కన మట్టి వదిలేయమని మేస్త్రీకి ముందే చెప్పండి, టైల్స్ వేశాక తవ్వించడానికి ఎవరికీ మనసొప్పదు.