నిలబడి నీళ్లు తాగే గవర్నర్లు

ప్రాసెసర్‌కి కూడా గవర్నర్ ఉంటాడని తెలిసిన రోజు నుంచి నాకు కంప్యూటరంటే భయమూ భక్తీ రెండూ పెరిగాయి. అంతకుముందు అదొక వట్టి యంత్రం, స్విచ్ వేస్తే వెలుగుతుంది, పని పెడితే ఫ్యాను గోల చేస్తుంది అనుకునేవాణ్ణి. లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్‌లోకి తొంగి చూశాక తెలిసింది, లోపల ఒక ప్రభుత్వమే నడుస్తోందని. సెకనుకి 300 కోట్ల సార్లు కొట్టుకునే గడియారం ఏ క్షణాన ఎంత వేగంగా కొట్టుకోవాలో తేల్చడానికి సీపీయూఫ్రీక్ అనే శాఖ ఉంది. ఆ శాఖలో కింద చిప్పుకి మాట చేరవేసే డ్రైవర్లు, పైన వేగం ఎంతో తేల్చే గవర్నర్లు. ఒకరు కాదు, ఆరుగురు. వేలెడంత చిప్పుకి ఆరుగురు గవర్నర్లు దేనికని అడిగేవాళ్లకి పరిపాలన గురించి ఏమీ తెలియదని నా నిశ్చితాభిప్రాయం. పదవులు ఎక్కువుంటేనే కదా, మెషీన్ ఎందుకు నెమ్మదించిందంటే ఎవరిని అడగాలో తేలకుండా ఉండేది.

వీళ్లలో పర్ఫార్మెన్స్ గారు ఎప్పుడూ గరిష్ఠ వేగమే అంటారు, పనున్నా లేకపోయినా. పవర్‌సేవ్ గారు ఎప్పుడూ కనిష్ఠ వేగమే అంటారు, కొంపలంటుకున్నా సరే. ప్రాసెసర్ మీద లోడు ఎంతుందో చూసే అలవాటు ఇద్దరికీ లేదు. తాము పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. నిజం చెప్పొద్దూ, నాకు వీళ్లిద్దరంటేనే గౌరవం. కనీసం రేపు ఏం చేస్తారో ఈరోజే తెలుస్తుంది. యూజర్‌స్పేస్ గారిది మరీ విశాల హృదయం. "ఎంత పెట్టమంటారో మీరే రాయండి" అని స్కేలింగ్_సెట్‌స్పీడ్ అనే ఫైలు మన ముందుకి తోసి తప్పుకుంటారు. ఇక మన ప్రాసెసర్‌కి మనమే దిక్కు.

2004లో 2.6.9 వెర్షన్ కెర్నెల్‌తో ఆన్‌డిమాండ్ గారు పదవిలోకి వచ్చారు. వచ్చిన కొత్తలో ఆయన విధానం చాలా సూటిగా ఉండేది. కాసేపటికోసారి లోడు చూస్తారు, 80 శాతం దాటిందంటే ఒక్క గెంతులో గరిష్ఠ వేగానికి వెళ్తారు. ఈ గెంతులు మర్యాదగా లేవనుకున్నారేమో, మరుసటి ఏడాది 2.6.12తో కన్సర్వేటివ్ గారు వచ్చారు. ఆయన గీత కూడా 80 దగ్గరే, కానీ గీత దాటినా కంగారు పడరు. గరిష్ఠ వేగంలో 5 శాతం చొప్పున ఒక్కో మెట్టూ ఎక్కుతారు. ఆయన పైకి చేరేసరికి చాలాసార్లు పని అయిపోయి ఉంటుంది. అయినా నొచ్చుకోరు. మళ్లీ ఒక్కో మెట్టూ దిగుతారు. 2016లో 4.7తో వచ్చిన స్కెడ్‌యుటిల్ గారు చదువుకున్నవారు. లోడు తను కొలవడమెందుకు, పనులు పంచేది షెడ్యూలర్ కాబట్టి ఆ లెక్కేదో దాన్నే అడిగితే పోలా అన్నారు. నిజంగా మంచి ఆలోచనే. షెడ్యూలర్ చెప్పిన వాడకానికి, ఎందుకైనా మంచిదని, మరో పావు వంతు కలిపి వేగం నిర్ణయిస్తారు. అంటే 1.25తో గుణిస్తారు. కాగితం తీసి లెక్కేసుకోండి. వాడకం ఎక్కడికొచ్చేసరికి గరిష్ఠ వేగం తగులుతుంది? 80 శాతం దగ్గర. పన్నెండేళ్లు తిరిగి తిరిగి అదే గుమ్మం ముందుకొచ్చారు. దీన్ని కొండను తవ్వి ఎలుకను పట్టడం అనేవాళ్లుంటారు. నేననను. అప్పుడది గీత, ఇప్పుడది సూత్రం.

ఇంతకీ ఈ వేగం తగ్గించే గోలంతా ఎందుకు? పరుగెత్తి పాలు తాగేకన్నా నిలబడి నీళ్లు తాగడం మేలన్నారు పెద్దలు. పవర్‌సేవ్ గారి రాజ్యాంగం మొత్తం ఆ ఒక్క వాక్యమే. అందులో శాస్త్రం లేకపోలేదు. ట్రాన్సిస్టర్లు ఆన్, ఆఫ్ అవుతున్నప్పుడు ఖర్చయ్యే పవరు ఫ్రీక్వెన్సీని బట్టీ, వోల్టేజి వర్గాన్ని బట్టీ పెరుగుతుంది. వేగం తగ్గిస్తే తక్కువ వోల్టేజితో నెట్టుకురావచ్చు. అసలు లాభమంతా ఆ వర్గంలోనే దాక్కుని ఉంది. 2000లో ఇంటెల్ స్పీడ్‌స్టెప్‌తో తెచ్చిన మొబైల్ పెంటియం 3 చూడండి. ఛార్జర్ ఉంటే 650 మెగాహెర్ట్జ్, 1.6 వోల్టులు. తీసేస్తే 500 మెగాహెర్ట్జ్, 1.35 వోల్టులు. వేగం పావు వంతు కూడా తగ్గలేదు, పవరు మాత్రం దాదాపు సగానికి పడిపోయింది. అప్పటి పాలన ఎంత వెనకబడి ఉండేదో గమనించారా? ఛార్జర్ వైరే గవర్నర్. పెట్టామా, తీశామా అంతే. కాన్ఫిగర్ చేయడానికి ఫైలు లేదు, వాదించుకోవడానికి విషయం లేదు. జనం ఎలా బతికేవారో!

అయితే పాలు తాగేవాళ్ల పార్టీ ఊరుకుంటుందా? వాళ్ల వాదన ఇది. పని గబగబా పూర్తిచేసి నిద్రపోతే పోలేదా? ఇప్పటి ప్రాసెసర్లకి సీ-స్టేట్లని నిద్రలో మెట్లుంటాయి. లోతైన నిద్రలో కోర్‌కి, అంటే చిప్పులో లెక్కలు చేసే భాగానికి, కరెంటే దాదాపు ఆపేస్తారు. అలా కాకుండా నింపాదిగా పనిచేస్తే, ఆ పని నడిచినంతసేపూ ట్రాన్సిస్టర్లలోంచి కరెంటు లీకేజీగా కారుతూనే ఉంటుంది, మెమరీ మేలుకునే ఉండాలి, మిగతా చిప్పంతా తోడుగా కూర్చోవాలి. అందుకని పరుగెత్తి పాలు తాగేసి ముసుగుతన్ని పడుకోవడమే పొదుపు అంటారు. ఏది రైటంటే చిప్పుని బట్టి, పనిని బట్టి మారుతుంది. మొత్తానికి పవర్‌సేవ్ పెడితే పవరు సేవ్ అవుతుందన్న హామీ ఎవరూ ఇవ్వలేదు. ఆ పేరు ఒక ఆశయం.

నిలబడే సంప్రదాయంలో నేను అందరికన్నా ఎక్కువ ఆరాధించేది పీ4-క్లాక్‌మాడ్ అనే డ్రైవర్‌ని. పెంటియం 4 బాగా వేడెక్కితే గడియారాన్ని మధ్యమధ్యలో ఆపి చల్లబరిచే ఏర్పాటు ఒకటుండేది. ఈ డ్రైవర్ దాన్నే వేగం తగ్గించే పథకంగా మార్చింది. వోల్టేజి తగ్గదు. వర్గంలో దాక్కున్న లాభం అక్కడే దాక్కుని ఉంటుంది. పని మాత్రం ఆలస్యమవుతుంది. పాలూ లేవు, నీళ్లూ లేవు, నిలబడటం ఒక్కటే. కెర్నెల్ వాళ్లకి ఇది తెలియక కాదు. దీనివల్ల మెషీన్ దారుణంగా నెమ్మదిస్తుందని ఆప్షన్ పక్కనుండే సహాయ వాక్యంలోనే రాశారు. మరి తీసేయొచ్చుగా? అది మర్యాద కాదు. అప్పట్లో ఆన్‌డిమాండ్ గారికి ఒక నియమముండేది. వేగం మార్చడానికి 10 మిల్లీసెకన్ల కన్నా ఎక్కువ పట్టే డ్రైవర్‌తో ఆయన పనిచేయరు. అంటే కోటి నానోసెకన్లు. అందుకని క్లాక్‌మాడ్ తనకి పట్టే సమయం 1,00,00,001 నానోసెకన్లని ప్రకటించుకుంది. కోటీ ఒకటి! ఒక్క నానోసెకను తేడాతో అనర్హత. ఎందుకు రాశామో పైన కామెంటులో దాపరికం లేకుండా చెప్పేశారు కూడా. ఉద్యోగంలో ఉంచి, జీతమిచ్చి, పని మాత్రం అప్పజెప్పకుండా చూసుకోవడం ఇంత సున్నితంగా జరగడం నేనింకెక్కడా చూడలేదు.

పేర్ల సంగతికొస్తే, 2013లో 3.9తో వచ్చిన ఇంటెల్_పీస్టేట్ డ్రైవర్ పాత గవర్నర్లని గుమ్మం బయటే ఆపి, లోపల తన సొంత గవర్నర్లని ఇద్దరిని కూర్చోబెట్టింది. వాళ్లకి కొత్త పేర్లు పెట్టొచ్చు కదా. పెట్టలేదు. పర్ఫార్మెన్స్, పవర్‌సేవ్ అనే పిలిచింది. అయితే ఈ పవర్‌సేవ్ కనిష్ఠ వేగంలో పాతుకుపోయే ఆ పవర్‌సేవ్ కాదు. ఈయన లోడుని బట్టి పైకీ వెళ్తారు, కిందికీ దిగుతారు. గుణం చూస్తే ఇంచుమించు ఆన్‌డిమాండే. పేరు చూసి హడలిపోయి, కొత్త ల్యాప్‌టాప్ కొన్నరోజే పర్ఫార్మెన్స్‌కి మార్చేసుకున్నవాళ్లు నాకు తెలుసు. వాళ్ల ఫ్యాన్ చప్పుడు కూడా నాకు తెలుసు.

ఇక నా సొంత పరిపాలనానుభవం. ఒక శనివారం రాత్రి ఇంట్లోవాళ్లందరూ పడుకున్నాక టెర్మినల్ తెరిచాను. సుడో (పెద్ద అధికారి హోదాలో చెయ్యమనే మాట) ఎకో (చెప్పింది తిరిగి పలికే కమాండ్) పవర్‌సేవ్ అని కొట్టి, పలికింది ఫైల్లోకి పంపే బాణం గుర్తు పెట్టి, స్కేలింగ్_గవర్నర్ ఫైలుకి మూరెడు పాత్ టైప్ చేసి ఎంటర్ నొక్కాను. పర్మిషన్ డినైడ్. సుడో అన్నాను కదయ్యా! అరగంట తర్వాత అర్థమైంది. సుడో ఇచ్చిన అధికారం ఎకో వరకే. బాణం గుర్తుని పట్టుకుని ఫైలు తెరవబోయింది నా మామూలు షెల్లు, అంటే నేను కొట్టిన కమాండ్లు అందుకునే ప్రోగ్రాము, దాని చేతిలో ఏమీ లేదు. రాజముద్ర దండోరా వేసేవాడికిచ్చి, కోట తలుపు తీయడానికి వట్టి చేతులవాణ్ణి పంపాను. చివరికి ఎకో మాటని పైపు పెట్టి, ఫైల్లో రాసే టీ కమాండ్‌కి మళ్లించి, ఆ టీకి సుడో తగిలిస్తే దారికొచ్చింది. తెర మీద ఏ మార్పూ లేదు. తప్పు రాకపోవడమే విజయం కదా. తర్వాత చూస్తే అంతకుముందు ఆ ఫైల్లో ఉన్నది కూడా పవర్‌సేవే.

వేగం నిజంగా తగ్గిందో లేదో చూడాలిగా. సెకనుకోసారి కోర్లన్నిటి మెగాహెర్ట్జ్ చూపించేలా వాచ్ కమాండ్ పెట్టి, చెంపకి చెయ్యానించి కూర్చున్నాను. అంకెలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఏమీ చేయని మెషీన్‌కి ఇంత టెన్షన్ దేనికి? ఎందుకంటే సెకనుకోసారి అన్ని కోర్ల సంగతీ విచారిస్తున్నది నేనే. నిద్రపోతున్నవాణ్ణి తట్టి లేపి, నిద్ర బాగా పడుతోందా అని అడిగినట్టు. పైగా ఆ స్కేలింగ్_కర్_ఫ్రీక్ అనే ఫైలు చెప్పే అంకె గురించి కెర్నెల్ డాక్యుమెంటేషన్ ముందే చేతులు కడిగేసుకుంది. చాలా సందర్భాల్లో అది చివరిసారి హార్డ్‌వేర్‌ని అడిగిన వేగమట. ఇప్పుడు నడుస్తున్న వేగం కావచ్చు, కాకపోవచ్చు.

అసలు విశేషం చెప్పడం మరిచాను. 2015లో వచ్చిన స్కైలేక్ తరం నుంచి ఇంటెల్ ప్రాసెసర్లు తమ వేగాన్ని తామే నిర్ణయించుకోవడం నేర్చుకున్నాయి. ఇప్పుడు కెర్నెల్ చేసేది సిఫార్సు. 0 నుంచి 255 లోపు ఒక అంకె చీటీ మీద రాసి లోపలికి పంపుతుంది. 0 అంటే పరుగెత్తు, 255 అంటే పొదుపు చెయ్యి. మధ్యలో బ్యాలెన్స్_పర్ఫార్మెన్స్ సాధారణంగా 128, బ్యాలెన్స్_పవర్ 192. ఈ రెంటికీ మధ్యనున్న 64 అంకెల తేడా నా జీవితాన్ని ఎలా మారుస్తుందో తెలుసుకోవడానికి ఒక ఆదివారం మొత్తం ఖర్చుపెట్టాను. ఇంటెల్‌కి పోటీదారులైన ఏఎమ్‌డీ వాళ్లు వెనకబడలేదు. 2022లో 5.17తో ఏఎమ్‌డీ_పీస్టేట్ వచ్చింది, మరుసటి ఏడాది 6.3లో వాళ్లకీ చీటీ పద్ధతి వచ్చేసింది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని ఇన్నాళ్లూ అనుకునేవాళ్లం. ఇక్కడ గుడి తలుపులు లోపల్నుంచే గడియ. పర్ఫార్మెన్స్ గవర్నర్ గద్దె మీద ఉండగా మీరు పొదుపు చీటీ పంపబోతే కనీసం తీసుకోరు కూడా. డివైస్ ఆర్ రిసోర్స్ బిజీ అంటారు.

ఈ పరిస్థితుల్లో దేశదేశాల కెర్నెల్ పెద్దల ముందు వినయంగా ఒక ప్రతిపాదన పెడుతున్నాను. ఏడో గవర్నర్ కావాలి. పేరు సంతృప్తి. దాని కింద ఓ ముప్పై నలభై ఫైళ్లుండాలి, పేర్లు కాస్త భయపెట్టేలా ఉండాలి. ఏ అంకె రాసినా స్వీకరించాలి, తిరిగి చదివితే అదే అంకె చూపించాలి, లోపల ఏ వైరుకీ తగలకూడదు. దీనివల్ల ప్రాసెసర్ తన పని తను చేసుకుంటుంది, మనం మన పాలన చేసుకుంటాం. కెర్నెల్ కాన్ఫిగర్ చేసేటప్పుడు వచ్చే సహాయ వాక్యం కూడా తయారుగా ఉంది. "సందేహముంటే వై నొక్కండి." మిగతా గవర్నర్ల దగ్గర రాసేదీ ఈ మాదిరి వాక్యమే కాబట్టి కొత్తగా ఎవరికీ అనుమానం రాదు.

ఇది పనిచేయదనేవాళ్లకి నా దగ్గర సాక్ష్యముంది. పోయిన ఏడాది ఆన్‌డిమాండ్ గారి గొప్పదనం గురించి ఎక్కడో చదివి, బూటయిన ప్రతిసారీ ఆయన్ని గద్దెనెక్కించేలా ఒక చిన్న సర్వీసు రాసుకున్నాను. ఆ రోజు నుంచి బ్యాటరీ అరగంట ఎక్కువొస్తోంది. ఫ్యాను కూడా నెమ్మదించింది. ఆఫీసులో పక్క సీటతనికి ఇదే చెప్పాను, అతనూ పెట్టుకుని అవును నిజమే అన్నాడు. మొన్న వేరే పని మీద లాగ్ తెరిస్తే నా సర్వీసు పక్కన ఎర్రగా ఒక వరస కనపడింది. ఇన్‌వాలిడ్ ఆర్గ్యుమెంట్. దాని కింద అలాంటిదే ఇంకొకటి. ఇంకొకటి. నా మెషీన్‌లో నడుస్తున్నది ఇంటెల్_పీస్టేట్. దాని జాబితాలో ఉన్నవి రెండే పేర్లు, అందులో ఆన్‌డిమాండ్ లేదు. మొదటి బూటు నుంచి ఇవాళ్టి దాకా సర్వీసు ఒక్కసారి కూడా పనిచేయలేదు.

దిద్దుదామని ఫైలు తెరిచాను. కాసేపు చూసి మూసేశాను. బ్యాటరీ బాగానే వస్తోంది కదా, ఇప్పుడు దాన్ని కెలకడం దేనికి? పక్క సీటతనికైతే ఏమీ చెప్పలేదు.